జూలీకి వినపడని సైరన్

మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో ఓపెన్‌కాస్టు బొగ్గుగని వైపు నుంచి సైరన్ కూస్తుంది. కాసేపటికి కాళ్ళ కింద నేల ఒక్కసారి కదులుతుంది, మా వంటింటి అరలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతాయి, ఆ తర్వాత కిటికీలోంచి దుమ్ము వాసన వస్తుంది. గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాళ్ళం దీన్ని పట్టించుకోం. మాట్లాడుతున్న మాట ఆపి, పేలుడు అయ్యాక ఆపిన చోటి నుంచే అందుకుంటాం. కొత్తగా వచ్చిన చుట్టాలు మంచం మీద లేచి కూర్చుంటే నవ్వుతాం కూడా. నిన్న సైరన్ కూసినప్పుడు నేను కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. నా కుడి చెయ్యి దానంతట అదే పళ్ళెం వదిలి గచ్చు మీద మూడు దెబ్బలు కొట్టింది. పక్కన ఎవరూ లేరు. మా కుక్క జూలీ పోయి రెండేళ్ళు దాటింది, మేం కాక అని పిలిచే ఆశీర్వాదం పోయి ఏడాదవుతోంది. చేతికి మాత్రం ఆ సంగతి ఇంకా తెలియలేదు. ఆ చేతికి ఆ అలవాటు చేసిన మనిషి గురించి రాయాలని అప్పుడే అనుకున్నాను.

ఆశీర్వాదం కాక మాకు చుట్టం కాదు. మా ఇంటికి ఎదురిల్లు. నేను కాపురానికి వచ్చేటప్పటికే ఆయన భూగర్భ గనిలో షాట్‌ఫైరర్‌గా పని చేసి రిటైరై ఉన్నాడు. బొగ్గు గోడకు రంధ్రాలు వేసి, మందు కూరి, అందరినీ దూరంగా పంపి పేల్చే పని అది. ఆ ఉద్యోగం ఆయనను వదిలినా, ఆయన మాత్రం దాన్ని వదల్లేదు. ఎవరింటికి వెళ్ళినా పది అడుగుల దూరం నుంచే గట్టిగా దగ్గేవాడు. గేటు దగ్గర మళ్ళీ దగ్గు, గడపలో ఇంకోటి. చెప్పులు నేలకు కొట్టుకుంటూ నడిచేవాడు. పక్కమీద పడుకున్న మనవణ్ణి లేపాలన్నా మంచం కోడు మీద ముందు వేళ్ళతో తట్టేవాడు. మా గల్లీలో అందరూ ఆయన్ని వెనక నుంచి సైరన్ కాక అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది నేనేనని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకు సిగ్గేమీ లేదు. ఆయనకూ తెలుసు. తెలిసి కూడా ఒకసారి మా గేటు దగ్గర మామూలు కంటే పొడుగ్గా దగ్గి, సైరన్ వచ్చిందని చెప్పమని మా పాపతో కబురు చేశాడు.

నేను ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని. రక్తం తీయడం నా పని. ఆ రోజుల్లో నా చేతి చలవ గురించి నాకు చాలా గొప్ప. సూది గుచ్చేటప్పుడు మనిషికి తెలియకూడదని నా సిద్ధాంతం. పిల్లలకు గోడ మీద బల్లిని చూపించేదాన్ని, పెద్దవాళ్ళను ఏ ఊరని అడిగేదాన్ని, వాళ్ళు జవాబు చెప్పేలోపు సూది దిగిపోయేది. చాలామంది అప్పుడే అయిపోయిందా అని ఆశ్చర్యపోయేవాళ్ళు. ఒకరోజు ఆశీర్వాదం కాక షుగర్ పరీక్షకు వచ్చాడు. ఆయన చెవులు ఉద్యోగంలోనే సగం పోయాయి కాబట్టి నేను కిటికీ వైపు చెయ్యి చూపించాను. ఆయన అటు తిరిగాడు, నేను గుచ్చాను. కాక అదిరిపడి చెయ్యి లాక్కున్నాడు. సూది ఊడి, రక్తం నా తెల్లకోటు మీదా టేబుల్ మీదా పడింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇంత చిన్న సూదికి అంత భయమా కాకా అని నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. దూదిని మోచేతి దగ్గర నొక్కి పట్టుకుని, నా మొహంలోకి చూసి ఒక్క మాటన్నాడు.

“చెప్తే ఆగుతుంటి గద బిడ్డా. దొంగతనంగ గుచ్చుడెందుకు?”

నాకు ఒళ్ళు మండింది. పదిహేనేళ్ళ నా పనితనాన్ని పట్టుకుని దొంగతనం అంటాడా అని ఇంటికి వచ్చి మా ఆయన దగ్గర చాలాసేపు సణిగాను. తర్వాత మరిచిపోయాను. ఆ మాట మళ్ళీ నా ముందుకు వచ్చి నిలబడింది మా కుక్క వల్ల.

జూలీ వీధి కుక్కే. పిల్లగా ఉన్నప్పుడు వానకు తడిసి మా మెట్ల కింద దూరింది, ఇక వెళ్ళలేదు. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి మడతపడి ఉండేది. మా పాప మౌనిక కంటే అది ఏడాది పెద్దది. మౌనిక పాకేటప్పుడు గడప దాటబోతే గౌను అంచు పట్టి వెనక్కి లాగింది ఈ జూలీయే. బ్లాస్టింగ్ అంటే దానికి మొదటి నుంచీ సరిపడదు, కానీ దాని జాగ్రత్త దానికి ఉండేది. సైరన్ మొదలవగానే, మేం తల ఎత్తేలోపే, వెళ్ళి మంచం కింద దూరేది. పేలుడు అయ్యాక రెండో సైరన్ వినిపిస్తే ఒళ్ళు విదిలించుకుని తోక ఊపుకుంటూ బయటకు వచ్చేది. దాన్ని చూసి మేం గడియారం సరిచేసుకోవచ్చని మా ఆయన అనేవాడు.

పదమూడో ఏడు వచ్చేసరికి అంతా మారింది. జూలీ వణకడం మొదలుపెట్టింది. సైరన్ కూసినా కదలకుండా పడుకునేది. నేల అదిరిన మరుక్షణం మాత్రం పిచ్చిగా లేచి, గోడలకు గుద్దుకుని, తలుపు గోకి, చివరికి ఏదో ఒక మూల నిలబడి గంటసేపు వణికేది. పళ్ళు టకటకలాడే చప్పుడు వంటింట్లోకి వినిపించేది. నాకు తోచిన వైద్యాలన్నీ చేశాను. కిటికీలు మూశాను. చెవుల్లో దూది పెట్టాను. టీవీ గట్టిగా పెట్టాను. ఊరుకోమని బతిమాలాను, ఓపిక చచ్చి తిట్టాను. మా దగ్గర ఒక అలవాటు ఉంది. గోడ బీటలు వారినా, నిద్ర పట్టకపోయినా, షుగర్ పెరిగినా, కూర అడుగంటినా అన్నింటికీ బ్లాస్టింగే కారణం. కొన్నింటికి నిజంగానే అది కారణం కాబట్టి మిగిలిన వాటికి ఇంకో కారణం వెతికే శ్రమ మేం తీసుకోం. జూలీ వణుకును కూడా ఆ ఖాతాలోనే వేసి, ఓపెన్‌కాస్టును నాలుగు తిట్లు తిట్టి ఊరుకున్నాం.

ఒంటిపూట బడులు పెట్టిన ఏప్రిల్‌లో, ఒక మధ్యాహ్నం మౌనిక బడి నుంచి వచ్చి, కూలర్ ముందు నిద్రపోతున్న జూలీని వెనక నుంచి కావలించుకుంది. పుట్టినప్పటి నుంచీ రోజూ చేసే పనే. జూలీ కళ్ళు తెరవకుండానే తిరిగి మణికట్టు మీద కరిచింది. రెండు పళ్ళు దిగాయి. పాప ఏడుపు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ తర్వాత జూలీ చేసిన పని. అది తను కరిచింది ఎవరినో చూసుకుని, పొట్ట నేలకు ఆనించి పాకుతూ వెళ్ళి మంచం కింద దూరింది. సాయంత్రం అన్నం పెట్టినా రాలేదు.

పాపకు వరసగా ఇంజక్షన్లు వేయించాం. మా ఆయన శ్రీనివాస్ గనిలో డంపర్ లారీ నడుపుతాడు, ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. జూలీకి రోజూ అన్నంలో పాలు కలిపి పెట్టేది ఆయనే. కరిచిన రోజు రాత్రే అన్నం దగ్గర ప్లేటులో వేళ్ళు కదిలిస్తూ, అది ముసలిదైందని, దాని మతి దాని దగ్గర లేదని, ఈసారి మొహం మీద కరిస్తే ఎవరేం చేయగలరని అన్నాడు. బడులు తెరిచేలోపు దాన్ని గోదావరి దాటించి మంచిర్యాల అవతల ఏదైనా ఊరి దగ్గర వదిలేసి వస్తానన్నాడు. పన్నెండేళ్ళ ఆడపిల్ల తండ్రి మాట అది. తప్పని నేను అనలేకపోయాను. కానీ ముసలితనం మీద పడిన, ఉన్నచోటే భయంతో వణికే ప్రాణిని తెలియని ఊళ్ళో వదలడమంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. మౌనిక చేతి కట్టుతోనే లేచి వెళ్ళి దుప్పటి కప్పుకుంది. మా చేతిలో రెండు నెలలు ఉన్నాయి.

మర్నాడు గేటు అవతల దగ్గు వినిపించింది. కాక పాపను చూడటానికి వచ్చాడు. కట్టు చూసి, జూలీ ఎక్కడని అడిగాడు. నేను మొత్తం చెప్పాను, చివర్లో బ్లాస్టింగ్‌ను తిట్టాను. ఆయన ఆదివారం నాడు కూడా వణుకుతుందా అని అడిగాడు. ఆదివారం బ్లాస్టింగ్ ఉండదు. ఎన్నో ఆదివారాలు ఇంట్లోనే ఉన్నాను, ఒక్కనాడూ చూడలేదు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక, తెల్లచొక్కాతోనే కాక మా ఇంటికి వచ్చి, గచ్చు మీద జూలీకి నాలుగడుగుల దూరంలో కూర్చున్నాడు. దాని ముందుకు జరిగి, అది తనను చూసేదాకా ఆగి, వాసన చూడనిచ్చి, అప్పుడు అరచెయ్యి దాని మెడ మీద వేశాడు. మెడ మీద నుంచి వీపు, వీపు మీద నుంచి నడుము, చాలా మెల్లగా. చెయ్యి ఎక్కడ వేసినా కాసేపు కళ్ళు మూసుకునేవాడు. గనిలో పేల్చే ముందు పైకప్పు గట్టిదో డొల్లదో చూడటానికి కర్రతో తట్టి, ఇంకో చెయ్యి రాయికి ఆనించి పెట్టేవాళ్ళట. చెవి పొరబడినా అరచెయ్యి పొరబడదని ఆయన నమ్మకం. జూలీ వెనక కాళ్ళు వణుకుతున్నాయి. ఆరోజు సైరన్ లేదు, పేలుడు లేదు, వీధిలో పిట్ట కూత కూడా లేదు.

“పేలుడు లేని నాడు గూడ వణుకుతున్నదంటె ఇది వట్టి భయం గాదు బిడ్డా. నడుం కాడ నొప్పి ఉన్నది దీనికి. జల్ది దవాఖానకు తీస్కపోదాం.”

పశువుల దవాఖానలో డాక్టరమ్మ జూలీ తుంటి కీళ్ళను వంచి చూసి, కళ్ళలో లైటు వేసి, తల వెనక తాళాల గుత్తి ఆడించింది. జూలీ తల తిప్పలేదు. తుంటి కీళ్ళు అరిగాయని, నొప్పికి కూడా ఒళ్ళు వణుకుతుందని, కళ్ళకు పొర వచ్చిందని, చెవులు దాదాపు పూర్తిగా పోయాయని ఒక్కొక్కటే చెప్పింది. రక్తం కూడా తీసింది. నేను మధ్యలో, నొప్పికి మనం వేసుకునే మాత్ర సగం ఇద్దామనుకున్నానని తెలివి ప్రదర్శించబోయాను. మనుషుల మాత్ర కుక్క ప్రాణం తీస్తుందని, ఆసుపత్రిలో పని చేస్తూ ఆ మాట ఎలా అన్నారని ఆవిడ గట్టిగానే కోప్పడింది. కుక్కలకు ఇచ్చే నొప్పి మందు రాసింది. నున్నటి గచ్చు మీద దాని కాళ్ళు జారకుండా చూడమంది. భయానికి కూడా మందు ఉందని, ముందు నొప్పి తగ్గాక చూద్దామని చెప్పింది. ఆటోలో తిరిగి వస్తుంటే నాకు ఏడుపొచ్చింది. రోజుకు యాభై మంది ఒంట్లో ఏముందో పరీక్షించి చెప్పేదాన్ని, మా ఇంట్లో ఒక ప్రాణి నెలల తరబడి నొప్పితో వణుకుతుంటే ఓపెన్‌కాస్టును తిడుతూ కూర్చున్నాను. కాక పక్కనే కూర్చున్నాడు. జూలీ ఆయన ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. కమాన్ ద్వారం దాటాక, ఆటో చప్పుడులో నాకు వినపడేలా వంగి అన్నాడు.

“మనకు సైరన్ ఇనవడ్తది, దీనికి ఇనవడ్త లేదు. చెప్పకుంట పేల్చినట్టె గద దీనికి, రోజూ.”

ఆ మాటతో నాకు రెండూ ఒక్కసారి అర్థమయ్యాయి. సైరన్ కూసినా జూలీ మంచం కిందికి ఎందుకు పోవడం లేదో, కన్నబిడ్డలా చూసుకున్న మౌనికను ఎందుకు కరిచిందో. వెనక నుంచి వచ్చి మీద పడిన చెయ్యి ఎవరిదో దానికి తెలియదు. నేల ఎందుకు కదిలిందో తెలియదు. ముందుగా చెప్పేవాళ్ళు లేని లోకంలో అది బతుకుతోంది.

కాక పని మొదలుపెట్టాడు. పని అని ఎందుకంటున్నానంటే, ఆయన దాన్ని డ్యూటీలాగే చేశాడు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు దగ్గు, గేటు చప్పుడు. మొదటి పది రోజులు పేలుడు సమయంలో కాకుండా, ఏమీ లేని ప్రశాంతమైన వేళల్లో నేర్పాడు. జూలీ ఉన్న చోటుకు దూరంగా నిలబడి మడమతో నేల మీద మూడుసార్లు కొట్టేవాడు. ఆ అదురు దాని పొట్ట కిందికి చేరి అది తలెత్తగానే, దగ్గరికి వెళ్ళి భుజం మీద అరచెయ్యి వేసి మంచం పక్కన పరిచిన గోనెపట్టా దగ్గరికి నడిపించి, అక్కడ బిస్కట్టు ముక్క పెట్టేవాడు. మళ్ళీ మడమ, మళ్ళీ చెయ్యి, మళ్ళీ బిస్కట్టు. ఎవరు దగ్గరికి వెళ్ళాలన్నా ముందు నేల మీద తట్టాల్సిందేనని మా ముగ్గురికీ చట్టం పెట్టాడు. వేడికి తారురోడ్డు మెత్తబడే ఆ మే నెలలో, తల మీద తడి తువ్వాలు వేసుకుని వీధి దాటి వచ్చే ఆ డెబ్బై అయిదేళ్ళు దాటిన మనిషిని చూసి గల్లీలో వాళ్ళు నవ్వారు. కుక్కకు షిఫ్టు డ్యూటీ చేస్తున్నాడన్నారు. మా ఆయన నవ్వలేదు, కానీ నమ్మనూ లేదు.

నొప్పి మందుతో వెనక కాళ్ళ వణుకు చాలా వరకు తగ్గింది. మొదటిసారి అసలు పేలుడుకు ముందు తట్టినప్పుడు జూలీ గోనెపట్టా మీదికి తానే నడిచింది. నేల కదిలినప్పుడు అదిరింది గానీ పరుగెత్తలేదు. నాకెంత సంతోషమైందంటే, ఆ వారం డ్యూటీ మార్పించుకుని, ఇక నేనే చూసుకుంటాను మీరు ఎండలో రాకండి అని కాకకు చెప్పేశాను. నేను తట్టాను, చెయ్యి వేశాను, పట్టా మీద కూర్చోబెట్టాను, పేలుడు అయ్యాక లేచి గిన్నెలు తోముకోవడానికి వెళ్ళాను. జూలీ పట్టా మీద నుంచి లేవలేదు. గంటయినా అక్కడే ముడుచుకుని వణుకుతూ ఉంది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. వారం తిరిగేసరికి పట్టా దగ్గరికి రావడానికే ఒప్పుకోలేదు, మడమ అదురు తెలియగానే మూలకు పోయింది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి దాన్ని చూసి, గోడ మీది క్యాలెండర్ వంక చూశాడు. సెలవులు ఇంకా పద్దెనిమిది రోజులే ఉన్నాయి. నేను కోపంతో ఎదురింటికి వెళ్ళి, మీ పద్ధతి పని చేయడం లేదని కాకకు చెప్పాను. ఆయన నేను చేసిందంతా వరసగా చెప్పించుకుని, పేలుడు అయ్యాక ఏం చేశావని అడిగాడు. గిన్నెలు తోమానన్నాను.

“ఆల్‌క్లియర్ ఇయ్యలేదా మరి? అయిపోయిందని నీకు ఎర్కనే. దానికెట్ల ఎర్కయితది బిడ్డా?”

నేను పుట్టినప్పటి నుంచీ రోజూ రెండు సైరన్లు వింటున్నాను. మొదటిది జాగ్రత్త అని, రెండోది అయిపోయింది ఇక తిరగొచ్చని. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. పేలుడు అయ్యాక అయిపోయిందని అందరికీ తెలిసినట్టే ఉంటుంది కాబట్టి అదొక దండగ కూతలా అనిపిస్తుంది. జూలీకి నేను భయం వస్తోందని చెప్పి, భయం పోయిందని చెప్పకుండా లేచి వెళ్ళాను. వారం రోజులు అది ఇంకా రాని పేలుడు కోసం గంటలకొద్దీ ఎదురుచూసింది.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఇప్పుడు పేలుడు అయ్యాక మెడ నుంచి తోక దాకా రెండు చేతులతో పొడుగ్గా ఒకసారి నిమిరి, పట్టా మీద నుంచి లేపి, వాకిలి దాకా నడిపించేవాడు కాక. అదే ఆల్‌క్లియర్. అలా ఆరేడు రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం పెద్ద గాలిదుమారం వచ్చింది. సైరన్ కూసింది. కాక తట్టి జూలీని పట్టా మీదికి తెచ్చాడు. పేలుడు రాలేదు. పది నిమిషాలైంది, అరగంటైంది. ఆరోజు ఆయన చర్చి వాళ్ళింట్లో పెళ్ళి ఉంది, ఇస్త్రీ ప్యాంటుతో వచ్చాడు, భోజనాల వేళ దాటిపోతోంది. మా ఆయన నైట్ షిఫ్టు చేసి ఇంట్లోనే ఉన్నాడు. ఇవాళ గాలికి ఆపేసి ఉంటారు, మీరు వెళ్ళండి కాకా అన్నాడు. చెప్పినాక ఏదో ఒకటి తేలేదాకా కదలకూడదని, మందు పేలకపోతే ఆ జాగాలోకి పోకుండా కాచుకుని ఉండటమే తన ఉద్యోగమని కాక జవాబిచ్చాడు. ఆ కాచుకున్న గంటలోనే, గనిలో తనకు జరిగిన సంగతులు ఎన్నడూ చెప్పని మనిషి, జూలీ వీపు మీద చెయ్యి తీయకుండా, మా ఆయనతో ఒక సంగతి చెప్పాడు.

పనిలో చేరి ఏడాది కూడా కానప్పుడు ఆయన ఒక పెద్ద షాట్‌ఫైరర్ దగ్గర సహాయకుడు. పేల్చే ముందు అందరినీ హెచ్చరించడం, అయ్యాక అయిపోయిందని కేకేయడం సహాయకుడి వంతు. ఒకరోజు పేలుడు అయ్యాక ఇంకో చోట పని ఉందని పిలిస్తే అటు వెళ్ళిపోయాడు, కేక మరిచిపోయాడు. పక్క దారిలో బొగ్గు స్తంభం చాటున దాక్కున్న ఒక కార్మికుడు, ఇంకా రెండో పేలుడు ఉందనుకుని, దీపం ఆరిపోయి, ఆ చీకట్లో షిఫ్టు అయ్యేదాకా తల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. లెక్క తగ్గిందని వెతికితే దొరికాడు.

“దెబ్బ తాకలే శ్రీను, గీరుకపోలే గూడ. కని గా మనిషి మళ్ల బొగ్గుబాయి దిగలే. నేనొక్క మాట మర్చిపోయిన.”

ఆ తర్వాత తన సర్వీసంతా, తన చేతి కింద ఒక్క మనిషికి కూడా ముందు చెప్పకుండా, తర్వాత చెప్పకుండా పేల్చలేదని అన్నాడు. ఎంత బొగ్గు పడగొట్టాడో, ఎన్ని మెచ్చుకోలు షీల్డులు వచ్చాయో ఆయన ఎప్పుడూ చెప్పుకోలేదు. ఇది మాత్రం మెడ నిటారుగా పెట్టి చెప్పాడు. పేలుడు వచ్చేసరికి గంటంపావు అయింది. జూలీ ఒక్కసారి అదిరి, ఆయన అరచేతి కింద మళ్ళీ కుదురుకుంది. కాక దాన్ని నిమిరి, లేపి, వాకిలి దాకా నడిపించి, అప్పుడు పెళ్ళికి వెళ్ళాడు. అప్పటికి అక్కడ పెరుగన్నం మాత్రమే మిగిలిందని తర్వాత తెలిసింది.

మర్నాడు మా ఆయన ఎవరి పశువుల కొట్టంలోంచో అడిగి, గనిలో బొగ్గు తరలించే పాత కన్వేయర్ బెల్టు ముక్క మోసుకొచ్చాడు. దాన్ని బ్రష్షుతో రుద్ది కడిగి, కూలర్ దగ్గర నుంచి మంచం దాకా, మంచం దగ్గర నుంచి వాకిలి దాకా పరిచాడు. జూలీ కాళ్ళు ఆ రబ్బరు మీద జారలేదు. గోదావరి దాటించే మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు. కానీ నాకు లోపల ఇంకో భయం ఉంది, మౌనిక. కరిచిన రోజు నుంచీ పాప జూలీని దూరం నుంచే చూసేది, దగ్గరికి వెళ్ళేది కాదు. బడులు తెరిచే ముందు వారం, సైరన్ కూసినప్పుడు కాక లేవబోయాడు. మౌనిక వద్దని చెయ్యి ఊపి తనే లేచింది. దూరంగా నిలబడి మడమతో మూడుసార్లు కొట్టింది. జూలీ తలెత్తి, పొర కమ్మిన కళ్ళతో వెతికి, బెల్టు మీద నడిచి పాప దగ్గరికి వచ్చింది. మౌనిక చెయ్యి ముందుకు చాపింది. ఆ చెయ్యిని జూలీ మూతితో ఒకసారి పొడిచి, మచ్చ ఉన్న మణికట్టును నాకి, పాప పాదాల మీద గడ్డం పెట్టి పడుకుంది. పేలుడు వచ్చింది. ఇద్దరూ అదిరారు. ఆ తర్వాత నా కూతురు వంగి, మెడ నుంచి తోక దాకా పొడుగ్గా నిమిరి, అయిపోయిందే జూలీ అంది. ఆ క్షణంలో నా కూతుర్ని చూసి నేను గర్వపడినంతగా ఆ తర్వాత వచ్చిన ఏ మార్కులకూ గర్వపడలేదు.

జూలీ ఆ తర్వాత పద్నాలుగు నెలలు బతికింది. వణుకు పూర్తిగా పోయిందని చెబితే అబద్ధమవుతుంది. ముసురు పట్టిన రోజుల్లో నడుము నొప్పికి వణికేది, మందు మోతాదు డాక్టరమ్మ రెండుసార్లు మార్చింది. ఉరుములకు మాత్రం సైరన్ ఉండదు కదా, అప్పుడు మేం ఎవరో ఒకరం దాని పక్కన కూర్చునేవాళ్ళం. కానీ ఒంటరిగా మూలన నిలబడి వణకడం మళ్ళీ ఒక్కరోజు కూడా జరగలేదు, ఎవరినీ మళ్ళీ కరవలేదు. ఒక వానాకాలం పొద్దున, ఆ బెల్టు మీదే, నిద్రలో పోయింది. కాక వచ్చి, నాలుగడుగుల దూరంలో ఆగి, అలవాటుగా మడమ ఎత్తి, కొట్టకుండానే దించేశాడు.

నా పని కూడా మారింది. ఎవరూ చెప్పకుండానే మారింది. ఇప్పుడు నేను బల్లిని చూపించను, ఊరి పేరు అడగను. గుచ్చుతున్నానని చెబుతాను, వాళ్ళు తలూపాక గుచ్చుతాను, దూది పెట్టాక చెయ్యి వదలకుండా అయిపోయిందని చెబుతాను. పిల్లలు ముందు కొంచెం ఎక్కువ ఏడుస్తారు, నిజమే. కానీ రెండోసారి వచ్చినప్పుడు నన్ను చూసి తల్లి కొంగు చాటుకు పోరు. కొత్తగా చేరిన అమ్మాయిలు అంతసేపు ఎందుకు మేడం అంటే, ఆ సమయం ఇందులో భాగమేనని చెబుతాను. మా ల్యాబులో చెవులు పోయిన ముసలి కార్మికులు నా వరసలోనే నిలబడతారు. పక్క వరస ఖాళీగా ఉన్నా కదలరు. దాని గురించి నాకు గొప్పగా ఉంటుంది, దాచుకోను.

కాక చివరిసారి ల్యాబుకు వచ్చింది చక్రాల కుర్చీలో. కిడ్నీలు పాడయ్యాయి. మనిషి సగమయ్యాడు, చెవులు పూర్తిగా పోయాయి, చేతులు రెండూ వణుకుతున్నాయి. ఆ వణుకు జనం చూడకూడదని తువ్వాలు కింద దాచుకున్నాడు. కుర్చీ తోసుకొచ్చిన కొడుకు, ఆయనకేమీ వినపడదు మేడం, కానియ్యండి అన్నాడు. నేను కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన నా మొహం చూసేదాకా ఆగాను. తువ్వాలు కింద చెయ్యి పెట్టి ఆయన చెయ్యి పట్టుకుని, సూది చూపించి, గుచ్చుతున్న కాకా అన్నాను, పెదాలు కనబడేలా. ఆయన తలూపాడు. చెయ్యి వణుకు ఆగలేదు గానీ లాక్కోలేదు. నరం రెండోసారికి దొరికింది. దూది పెట్టి, మోచెయ్యి నుంచి వేళ్ళ దాకా పొడుగ్గా ఒకసారి నిమిరి, అయిపోయింది అన్నాను.

కాక ఆ చెయ్యి వంక చూసుకున్నాడు. తర్వాత, వినపడని వాళ్ళు మాట్లాడినట్టు కొంచెం గట్టిగా, ల్యాబంతా వినపడేలా అన్నాడు.

“ముప్పయేండ్లు అందరికి నేనే చెప్పిన బిడ్డా, జరుగుండ్రి అని, ఇగ రాండ్రి అని. నాకు చెప్పినోళ్లు లేకుండ్రి. ఇయ్యాల ఇన్న.”

కొడుకు కుర్చీ తిప్పి తీసుకుపోయాడు. నేను వరసలో తర్వాతి మనిషిని పిలిచాను.